తీసేసిన సీన్‌ని ఎలా చూడాలి: సూపర్‌హీరో సినిమాలో పాత్ర ఎక్కడ మారిందో పట్టుకునే పద్ధతి

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. 'థోర్' (2011) సినిమాని డిస్క్‌లో చూశాను. సినిమా అయిపోగానే అదే ఊపులో డిలీటెడ్ సీన్లు కూడా వరసపెట్టి చూసేశాను. కొన్ని నెలలకి ఒక స్నేహితుడితో థోర్ తమ్ముడు లోకి గురించి వాదన పడింది. వాడేమో "లోకి సింహాసనం కాజేశాడు" అంటాడు. నేనేమో "కాజేయడమేంటి, వాళ్లమ్మే చేతిలో పెట్టింది, కళ్లారా చూశాను" అంటాను. అరగంట గొంతులు చించుకున్నాక తేలిందేమిటంటే, వాడు థియేటర్లో చూసిన సినిమాలో ఆ సీనే లేదు. నేను చూసింది కూడా సినిమాలో కాదు, డిస్క్‌లో ఇంకో మెనూలో. నా బుర్రలో రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

అప్పట్నుంచి డిలీటెడ్ సీన్లు చూడటానికి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. అందులో సగం మా అక్క పుణ్యం. అక్కకి సూపర్‌హీరోలంటే పెద్ద ఆసక్తి లేదు. పక్కన కూర్చుని తన పని తను చేసుకుంటూ అప్పుడప్పుడూ తలెత్తి చూస్తుంది, అంతే. ఒకరోజు నేను "ఎంత మంచి సీన్ తీసేశారో" అని వాపోతుంటే అడిగింది: "ఒరేయ్, ఈ సీన్ లేనప్పుడు నీకు సినిమాలో ఏం అర్థం కాలేదో చెప్పు." నోట మాట రాలేదు. నాకు అన్నీ అర్థమయ్యాయి మరి.

ఆ ప్రశ్నే ఈ పద్ధతికి మూలం. సీన్ బాగుందా లేదా అన్నది ఒకటి, ఆ సీన్ సినిమాలో ఏ పని చేయాల్సి ఉండింది, ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారు అన్నది ఇంకొకటి. పాత్ర ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే రెండోదే పనికొస్తుంది.

(ఇక్కడ్నుంచి కథలు బయటపడతాయి. చూడనివాళ్లు చూసి రండి.)

సినిమాకీ సీన్లకీ మధ్య కొంచెం ఎడం

సినిమా చూసిన వెంటనే డిలీటెడ్ సీన్ల జోలికి పోవద్దు. కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. ఈలోగా మీరు గమనిస్తున్న పాత్ర గురించి నాలుగే నాలుగు వాక్యాలు రాయండి. మొదట్లో అతనికి ఏం కావాలి? దేనికి భయపడుతున్నాడు? ఎక్కడ మారాడు? మొదట్లో చేయలేని ఏ పని చివర్లో చేశాడు?

మూడో వాక్యం దగ్గర కలం ఆగుతుంది. సూపర్‌హీరో సినిమాల్లో మొదలూ చివరా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మధ్యలో మలుపే ఒక్కోసారి పోరాటాల కింద పడి నలిగిపోతుంది. అక్కడ మీకు సమాధానం దొరక్కపోతే ఖాళీ వదిలి చుట్టూ ఒక సున్నా చుట్టండి. తీసేసిన సీన్ ఆ సున్నాలో కూర్చుంటుందా లేదా అన్నదే తర్వాత చూడాల్సింది. చాలాసార్లు కూర్చోదు. ఆ సంగతి కూడా రాసుకోండి.

ఏ రకం సీనో ముందు తేల్చుకోండి

డిలీటెడ్ సీన్లు అని ఒకే పేరు పెట్టి రకరకాలవి పోస్తారు. పూర్తిగా ఎత్తేసిన సీన్ వేరు. సినిమాలో ఉన్న సీన్‌కే ముందో వెనకో నాలుగు మాటలు కోసేస్తే అది వేరు. ఒక సీన్‌ని రెండు రకాలుగా తీసి, ఒకటి వాడి రెండోది పక్కనపెడితే అది మరీ వేరు. ఈ మూడో రకాన్ని మనసులో సినిమాకి కలుపుకోకూడదు, ఎందుకంటే దాని స్థానంలో ఇంకొకటి ఆల్రెడీ ఉంది. ఇద్దరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టలేం.

గ్రాఫిక్స్ పూర్తికాని సీన్లు చూసి నవ్వొద్దు. నటుడి వెనక పచ్చతెర, తెర మూలన పరిగెత్తే టైమ్‌కోడ్ అంకెలు, సగం అతికించిన సంగీతం కనిపిస్తే, ఆ సీన్ చివరి మెరుగులదాకా వెళ్లకముందే పోయిందని ఒక ఆనవాలు. అన్నీ పూర్తయి తళతళలాడుతున్న సీన్ తీసేశారంటే, ఆ నిర్ణయం చాలా ఆలస్యంగా జరిగి ఉండొచ్చు, అంటే దాన్ని ఉంచాలని చివరిదాకా ఎవరో గింజుకుని ఉండొచ్చు. ఇది నా ఊహే, ప్రతిసారీ నిజం కాదు. అయినా అలాంటి సీన్ దగ్గర నేను కాసేపు ఎక్కువ ఆగుతాను.

దాని చోటు వెతకడం

ఓపిక కావాల్సింది ఇక్కడే. మెనూలో ఉన్న వరస నమ్మొద్దు. బట్టలు చూడండి, మొహం మీద గాయం చూడండి, కిటికీలోంచి పగలా రాత్రా చూడండి, అప్పటికి ఎవరు బతికున్నారో చూడండి. చోటు దొరికాక సినిమాలో దానికి ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఈ సీన్, ఆ తర్వాత మళ్లీ సినిమాలో ఐదు నిమిషాలు చూడండి. సీన్ ఒక్కటే విడిగా చూస్తే ప్రతిదీ అద్భుతంగానే ఉంటుంది. ముందువెనకలతో చూసినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

నా వాదనకి కారణమైన ఆ సీన్‌నే తీసుకుందాం. రాజు ఓడిన్, అంటే థోర్ తండ్రి, గాఢనిద్రలో పడి ఉంటాడు. మంచం పక్కన భార్య ఫ్రిగ్గా, చిన్నకొడుకు లోకి. తను కన్నకొడుకుని కాదని, శత్రువుల బిడ్డనని లోకికి అప్పుడే తెలిసింది. తలుపులు తెరుచుకుని కాపలా భటులు వస్తారు. లోకి ముందు మోకరిల్లి, ఓడిన్ ఈటె గుంగ్‌నిర్‌ని అతనికి అందిస్తారు. లోకి మొహంలో ఆశ కంటే ముందు తికమక కనిపిస్తుంది. ఇదేంటన్నట్టు తల్లి వైపు చూస్తాడు. థోర్ వెలిలో ఉన్నాడు కాబట్టి రాజ్యం నీదేనని ఆవిడే చెబుతుంది.

ఇప్పుడు థియేటర్లో వచ్చిన సినిమా చూడండి. థోర్ స్నేహితులు ఓడిన్‌తో మాట్లాడదామని రాజసభకి వస్తారు. తలెత్తి చూస్తే సింహాసనం మీద ఈటె పట్టుకుని లోకి! వాళ్లతో పాటు మనమూ ఉలిక్కిపడతాం. ఓడిన్ నిద్రలో ఉన్నాడని లోకి చెబుతాడు, కానీ అప్పటికే మనకి అనుమానం పుట్టింది. ఇక ఏం చెప్పినా నాటకంలాగే వినిపిస్తుంది.

తేడా ఒక్క నిమిషమే, మనిషే మారిపోయాడు. సీన్ ఉంటే లోకి తన ఒళ్లో వచ్చి పడ్డ అవకాశంతో తూలిపోయిన కుర్రాడు. సీన్ లేకపోతే పక్కా పథకం వేసుకున్న మాయగాడు. నా వరకు మొదటివాడే నచ్చాడు. కానీ సినిమా ఆ క్షణాన్ని స్నేహితుల కళ్లతో చూపించదలుచుకుంది. ఉలికిపాటు కావాలంటే మనకి ముందే చెప్పేయకూడదు కదా. అందుకే తీసేసి ఉంటారని నా లెక్క. నా స్నేహితుడు తను చూసిన సినిమా గురించి కరెక్టుగానే మాట్లాడాడు. ఈ మాట వాడితో ఇంతవరకు అనలేదు.

తెలిసిందా, మారాడా?

సీన్ చోటు దొరికాక వేయాల్సిన ప్రశ్న: దీని వల్ల నాకు కొత్త సంగతి తెలిసిందా, లేక పాత్ర ఏదైనా ఎంచుకుందా? ఈ రెండింటినీ కలిపేసి "క్యారెక్టర్ డెవలప్‌మెంట్" అనేయడం మామూలే. నేనూ చాలాకాలం అనేశాను.

'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' (2016) దీనికి మంచి ఉదాహరణ. థియేటర్లో వచ్చింది 151 నిమిషాలు. తర్వాత వచ్చిన అల్టిమేట్ ఎడిషన్ 182 నిమిషాలు. విచారణ జరుగుతున్న భవనంలో బాంబు పేలుతుంది. గోడల అవతల కూడా చూడగల సూపర్‌మ్యాన్‌కి పక్కనున్న చక్రాల కుర్చీలో బాంబు ఎందుకు కనిపించలేదు? థియేటర్ నుంచి బయటికొస్తూ ఈ ప్రశ్న వేసుకోనివాడు ఉండడు. పొడవైన వెర్షన్‌లో విలేకరి లోయిస్ లేన్ ఆరా తీస్తే ఆ కుర్చీకి సీసం రేకు వేశారని తెలుస్తుంది. సీసం అవతల అతను చూడలేడు. సరే, కథలో చిల్లు పూడింది. కానీ సూపర్‌మ్యాన్ ఎలాంటివాడో దీంతో కొత్తగా తెలిసిందేమీ లేదు.

అదే వెర్షన్‌లో ఇంకొకటుంది. పేలుడు తర్వాత సూపర్‌మ్యాన్ గాయపడినవాళ్లని మోసుకుని బయటికి తెస్తాడు. మాటలు లేవు, కాసేపే. థియేటర్ వెర్షన్‌లో అతను మంటల మధ్య బాధగా నిలబడి వెళ్లిపోయినట్టే ఉంటుంది. ఊరంతా తనని వేలెత్తి చూపుతున్నప్పుడు, తన వల్లే జరిగిందని తనే అనుకుంటున్నప్పుడు కూడా ముందు మనుషుల్ని మోశాడన్నది పాత్రకి సంబంధించిన సంగతి. సీసం రేకు గురించి అందరూ మాట్లాడుకుంటారు. నన్నడిగితే పోయినందుకు ఏడవాల్సింది ఈ ముక్క గురించి.

నా నోట్‌బుక్‌లో అందుకే రెండు గళ్లు ఉంటాయి: "తెలిసింది", "ఎంచుకున్నాడు". రెండో గడి ఖాళీగా ఉన్న సీన్ పోతే పాత్రకి పెద్ద నష్టం లేదు.

ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

అక్క ప్రశ్నకి నేను పెట్టిన పేరు ఇది. సీన్ పోయాక దాని పని కూడా పోయిందా, లేక సినిమాలో ఇంకెవరి చేతికైనా వెళ్లిందా?

'అవెంజర్స్: ఎండ్‌గేమ్' (2019)లో టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్) తన ప్రాణం పణంగా పెట్టి చిటికె వేశాక వచ్చే ఒక సీన్ షూట్ చేశారు. ఎక్కడో లోకానికి, లోకానికి మధ్య ఉన్నట్టున్న చోట, పెద్దదైన తన కూతురు మోర్గాన్‌ని కలుస్తాడు. పెద్ద మోర్గాన్‌గా క్యాథరిన్ లాంగ్‌ఫర్డ్ నటించింది. ముందు సినిమాలో విలన్ థానోస్ చిటికె వేశాక తన పెంపుడు కూతురు గమోరాని చిన్నప్పటి రూపంలో కలుస్తాడు కదా, దానికి జోడీ అన్నమాట. ముందుగా చూపించిన ప్రేక్షకులకి ఆ పెద్దమ్మాయితో బంధం కుదరలేదని, అందుకే తీసేశామని దర్శకులు రూసో సోదరులు చెప్పారు. నిజమే, మనకి తెలిసిన మోర్గాన్ గుడారంలో దాక్కునే చిన్నపిల్ల.

నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. ఆ సీన్ పనేంటి? "నువ్వు చేసింది సరైనదే, ఇక వెళ్లు నాన్నా" అని టోనీకి ఎవరో చెప్పడం. సినిమాలో ఆ పని పెప్పర్ చేసేస్తుంది. మేం బాగానే ఉంటాం, నువ్వింక విశ్రాంతి తీసుకో అంటుంది. మొదటి సినిమా నుంచి రాత్రుళ్లు నిద్రపోకుండా యంత్రాలు బిగించుకుంటూ కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పాల్సింది ఆవిడే. తర్వాత కూతురు మళ్లీ చెబితే మొదటి మాట విలువ తగ్గిపోతుంది. సీన్ నిజంగా బాగుంది, నాకు గొంతు పట్టేసింది కూడా. అయినా తీసేయడమే న్యాయం.

'ది బ్యాట్‌మ్యాన్' (2022)లోనూ ఇలాంటిదే. బ్యాట్‌మ్యాన్ నేరస్తుల్ని బంధించే ఆర్కమ్ అనే పిచ్చాసుపత్రికి వెళ్లి జోకర్‌ని కలిసే సీన్ ఒకటి సినిమా విడుదలైన నెలలోనే బయటపెట్టారు. వరస హత్యలు చేస్తున్న రిడ్లర్ ఎలాంటివాడో చెప్పమని బ్యాట్‌మ్యాన్ అడిగితే, జోకర్ తిరిగి బ్యాట్‌మ్యాన్‌నే విప్పి చూపిస్తాడు. చంపేవాడి మీద నీకూ లోలోపల సానుభూతి ఉందన్నట్టు మాట్లాడతాడు. జోకర్‌గా బారీ కియోగన్ భయపెట్టాడు, సందేహం లేదు. కానీ సినిమా చివర్లో ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. రిడ్లర్ అనుచరుల్లో ఒకణ్ని పట్టుకుని నువ్వెవరని అడిగితే, వాడు బ్యాట్‌మ్యాన్ మొదట్లో తన గురించి చెప్పుకున్న మాటే చెప్తాడు: తనే ప్రతీకారమని. అక్కడ బ్యాట్‌మ్యాన్ మొహం చూడండి, ఇన్నాళ్లూ తను ఏం విత్తుతున్నాడో అప్పుడే తెలిసినట్టుంటుంది. జోకర్ ముందే చెప్పేసి ఉంటే? హీరో తనంతట తను తెలుసుకోవాల్సింది ఎవరో పాఠంలా చెప్పేస్తే, తర్వాత జరిగేది రివిజనే.

దిక్కులేని ముక్కలు

తీసేసిన సీన్ వెళ్తూ వెళ్తూ సినిమాలో కొన్ని గుర్తులు వదిలేస్తుంది. వాటిని వెతకడం నాకు పిచ్చి సరదా. 'ది అవెంజర్స్' (2012) చివర్లో వార్తల్లో ఒకమ్మాయి కెప్టెన్ అమెరికా తన ప్రాణం కాపాడాడని చెబుతుంది. యుద్ధం మధ్యలో కూడా కెమెరా ఆమె మొహం మీద ఒక క్షణం ఎక్కువే ఆగుతుంది. ఎవరీమె? తీసేసిన సీన్లో ఆమె ఒక కేఫ్‌లో వెయిట్రెస్. స్టీవ్ రోజర్స్, అంటే కెప్టెన్ అమెరికా, అక్కడ కూర్చుని బొమ్మ గీసుకుంటూ ఉంటాడు, ఆమె వచ్చి పలకరిస్తుంది. అతనికి ఏం మాట్లాడాలో తెలియదు. పక్క టేబుల్ దగ్గర మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ కూర్చుని, ఫోన్ నంబర్ అడగవేంట్రా అని తిడతాడు. ఆ సీన్ పోయింది, ఆమె కృతజ్ఞత మాత్రం సినిమాలో ఒంటరిగా మిగిలిపోయింది.

అదే వరసలో స్టీవ్ తన పాత మిత్రుల ఫైళ్లు తిరగేస్తాడు. ఒక్కొక్కరూ చనిపోయారని ముద్ర. అతను ప్రేమించిన పెగ్గీ ఫైలులో మాత్రం ఫోన్ నంబర్ ఉంటుంది. డెబ్బై ఏళ్లు మంచులో గడ్డకట్టి ఉన్నవాడి ఒంటరితనం ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పలేం. సినిమాలో దీని బదులు జిమ్‌లో బస్తా పగిలేలా గుద్దే సీన్ ఉంది. కోపం వచ్చింది, ఒంటరితనం రాలేదు. దీని దగ్గర నేను ఎడిటర్ పక్షం కాదు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2014లో వచ్చిన కెప్టెన్ అమెరికా రెండో సినిమాలో స్టీవ్ ముసలిదైన పెగ్గీ మంచం పక్కన కూర్చుంటాడు. ఒక సినిమాలో చోటు దొరకని బాధ ఇంకో సినిమాలోకి వెళ్లి కూర్చుంది. సిరీస్ సినిమాలైతే "ఈ పని ఎవరు చేస్తున్నారు" అన్న గడిలో తర్వాతి సినిమా పేరు రాయడానికి కూడా వెనకాడకండి.

కొన్ని జాగ్రత్తలు

నిమిషాలు పెరిగితే పాత్ర పెరిగినట్టు కాదు. 'ఎక్స్-మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' (2014)లో రోగ్ అనే పాత్ర చివర్లో ఒక్క క్షణం కనిపిస్తుంది. 2015లో ఆమె పేరుతోనే ఇంకో వెర్షన్ వచ్చింది, 17 నిమిషాలు ఎక్కువ. అందులో ఆమెని బందీఖానా నుంచి తెచ్చి, గాయపడ్డ కిట్టీ అనే ఇంకో పాత్ర స్థానంలో కూర్చోబెడతారు. చూడటానికి బాగుంది. కానీ రెండో గడిలో రోగ్ పేరు మీద రాయడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు.

'జస్టిస్ లీగ్' లాంటివాటిని ఈ పద్ధతిలో చూడొద్దు. 2017లో వచ్చింది 120 నిమిషాలు, 2021లో దర్శకుడు జాక్ స్నైడర్ వెర్షన్ 242. అది కొన్ని సీన్లు కలిపిన సినిమా కాదు, వేరే సినిమా. అందులో సైబోర్గ్ అనే హీరో కథ తెలుసుకోవాలంటే మొత్తం కూర్చుని చూడాల్సిందే.

ఇంకొకటి, వాదనల్లో తీసేసిన సీన్‌ని సాక్ష్యంగా తేవొద్దు. నేనెందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

చివరగా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన సీన్. అదీ 'థోర్'లోదే. పట్టాభిషేకానికి ముందు అన్నదమ్ములిద్దరూ సభ బయట నిలబడి ఉంటారు. ఒకరి శిరస్త్రాణాన్ని ఒకరు వెక్కిరించుకుంటారు. లోకి పరిచారకుడి చేతిలోని పాత్రలో మద్యాన్ని పాములుగా మార్చి బెదరగొడతాడు. తర్వాత ఉన్నట్టుండి మామూలు గొంతుతో, నాకు ఒక్కోసారి నీమీద అసూయ కలుగుతుంది కానీ నిన్ను ప్రేమిస్తున్నానన్న సంగతి మాత్రం ఎప్పుడూ అనుమానించకు అంటాడు. ఆ మాట అంటున్న సమయానికి, పట్టాభిషేకం చెడగొట్టడానికి మంచురాక్షసులకి దారి చూపించేసి ఉన్నాడు. అబద్ధమా? నాకైతే రెండూ నిజమే అనిపించింది. "ఈ పని ఎవరు చేస్తున్నారు" గడిలో "ఎవరూ లేరు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

అక్క నోట్‌బుక్ చూసి, సినిమా మళ్లీ పెట్టమంది. పట్టాభిషేకం ఆగిపోయాక థోర్ కోపంతో విందు బల్ల తిరగేస్తాడు, మెట్ల మీద కూలబడతాడు. లోకి వచ్చి మెల్లగా పక్కన కూర్చుంటాడు. ఓదారుస్తూనే, నీ మాటే నిజమని చెబుతూనే, శత్రువుల మీదికి వెళ్లేలా ఎగదోస్తాడు. అక్క అక్కడ పాజ్ నొక్కి, "ఇది చాలదా?" అంది.

"ఎవరూ లేరు" కొట్టేసి "మెట్లు" అని రాశాను. రెండు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, పెన్నుతో కొట్టాను కదా.